ఎడమ పక్క గిటార్

అప్పట్లో మన్నెగూడలో ప్లాట్లు అమ్మే ఆఫీసులో ఫోన్లు ఎత్తడం నా ఉద్యోగం. ఒక పొద్దున రిసీవర్ ఎడమ చెవికి పెట్టుకుంటే ఏమీ వినపడలేదు. లైను పోయిందనుకుని కుడి చెవికి మార్చాను. "ఎంతసేపు హలో హలో అనాలె?" అని అవతలాయన కేకలు పెడుతున్నాడు.

గులిమి అనుకున్నాం. ఇబ్రహీంపట్నంలో ఇంట్లో అక్క రోజూ కొబ్బరినూనె కాచి చెవిలో పోసేది. చెవి తెరుచుకోలేదు సరికదా, లోపల ఒక హోరు మొదలైంది. చివరికి పట్నంలో పెద్దాసుపత్రికి వెళ్ళాం. "నరం దెబ్బతింది. మొదట్లోనే వచ్చుంటే మందులకు లొంగేదేమో" అన్నాడు డాక్టర్. మాత్రలు వాడాను. వినికిడి తిరిగి రాలేదు.

నాకు రాక్ పాటలంటే ప్రాణం. ఆదివారాలు కోఠి ఫుట్‌పాత్‌ల మీద సీడీలు ఏరుకొచ్చేదాన్ని. అందరూ నెత్తిన పెట్టుకునే ఆల్బమ్‌లు నాకు ఎక్కలేదు. రెండు మంచి పాటలు, మిగతాదంతా డ్రమ్ముల మోత. నాకు నచ్చింది, ఎవరూ పట్టించుకోని ఒక నలుగురి బ్యాండ్ తొలి ఆల్బమ్. పాడేవాడి గొంతు అంతంత మాత్రమే. కానీ ఇయర్‌ఫోన్లు పెట్టుకుంటే చెవికొకటి చొప్పున రెండు గిటార్లుంటాయి. కుడి పక్కది అడుగుతుంది. ఎడమ పక్కది చాలాసేపు ఆగి, ఇష్టం లేనట్టు జవాబిస్తుంది. అంతకంటే మంచి ఆల్బమ్ లేదని ఇప్పటికీ ఎవరితోనైనా వాదిస్తాను.

ఆసుపత్రి నుంచి వచ్చిన సాయంత్రం ఆ సీడీ పెట్టాను. కుడి గిటార్ అడుగుతూనే ఉంది, జవాబు లేదు. ఇయర్‌ఫోన్లు అటుది ఇటు, ఇటుది అటు మార్చాను. ఈసారి అన్నీ జవాబులే, అడిగేవాళ్ళు లేరు. పిచ్చిదానిలా మార్చి మార్చి విన్నాను.

అక్క వచ్చి పక్కన కూర్చుంది. ఎడమ ఇయర్‌ఫోన్ ఆమె చెవిలో పెట్టి, "అక్కా, దీంట్ల ఏమొస్తుందో జర చెప్పవా?" అని బతిమాలాను.

"ఎవడో రేకు గీకుతున్నట్టున్నది చెల్లే."

"గది కాదక్కా. ఎప్పుడు ఆగుతుంది, ఎప్పుడు మళ్ల మొదలైతది, గది చెప్పు."

"ఇగో, ఆగింది... మళ్ల గీకుతున్నడు... నాకు గివన్ని ఏం తెలుస్తయే?"

లాక్కున్నాను. "రెండు చెవులుండి ఏం ఫాయిదా నీకు!" అని అరిచాను.

"నూనె పోసుడు కాదు, ఆ దినమే నిన్ను దవాఖానకు తోలుకపోవాల్సింది" అని అక్క కొంగు మొహానికి అడ్డం పెట్టుకుంది. ఆమె తప్పేమీ లేదని చెప్పాలనుకున్నాను. ఇయర్‌ఫోన్ల తీగ వేలికి చుట్టుకుంటూ కూర్చున్నాను.

తర్వాత ఒక రిపేరు షాపులో ఇయర్‌ఫోన్ల వైర్లు కలిపించి, రెండు వైపుల శబ్దమూ కుడి చెవిలోకే వచ్చేలా చేయించుకున్నాను. రెండు గిటార్లూ వచ్చాయి, ఒకే సీటులో ఇరుక్కున్న ఇద్దరిలా. ఏ మాట ఎవరిదో తెలియలేదు. మూడో పాట సగంలో ఆపేశాను. మళ్ళీ పెట్టలేదు.

చాలా పాత రికార్డింగుల్లో రెండు వైపులా ఒకే శబ్దం ఉంటుందని ఒక స్నేహితురాలు కొన్ని సీడీలు తెచ్చిచ్చింది. అవి నాకు పూర్తిగా వినపడతాయి. బాగుంటాయి కూడా. కానీ నావి కావు.