నూకరత్నం ప్రగతి పత్రం

1986లో, వేసవి సెలవులు ముగిశాక, కలకత్తాలోని ఒక తెలుగు మాధ్యమం బడిలో ఐదో తరగతి నాకు అప్పగించారు. మావారిది రైల్వే ఉద్యోగం, సంత్రాగాఛి క్వార్టర్సులో కాపురం. రోజూ లోకల్లో హౌరా చేరి, లాంచీలో నది దాటి బడికి వెళ్లేదాన్ని. పిల్లల్లో ఎక్కువమంది శ్రీకాకుళం వైపునుంచి వచ్చి, నగరంలో పారిశుద్ధ్య పనులు చేసేవాళ్ల బిడ్డలు.

అప్పుడే బి.ఎడ్. పూర్తి చేశాను. ‘స్వీయ భావన’ పాఠం నాకు కంఠతా వచ్చు. పిల్ల తానెవరో తనంతట తాను తేల్చుకోదు. పెద్దలు తనను ఎలా చూస్తున్నారో దాన్నిబట్టి ‘నేను ఇలాంటిదాన్ని’ అనుకుంటుంది. ఇదీ దాని సారం. పరీక్షలో ఆ ప్రశ్నకు అందరికన్నా నాకే ఎక్కువ మార్కులు. అంత గొప్పదాన్ని!

ప్రగతి పత్రాన్ని తరగతి టీచరు నింపుతుంది, ప్రధానోపాధ్యాయుడు సంతకం చేస్తాడు, ఇంట్లోవాళ్ల సంతకమో వేలిముద్రో పడి తిరిగొస్తుంది. మార్కుల కింద ‘ఉపాధ్యాయుల అభిప్రాయం’ అని రెండు గీతల జాగా. నూకరత్నం అనే పిల్ల చదవమని లేపితే బల్లకేసి చూస్తూ నిలబడేది. మొదటి పరీక్షల పత్రాలు నింపేటప్పుడు దాని క్రితం ఏడాది పత్రం తీశాను. ‘మందబుద్ధి. చదువు అబ్బదు’ అని ఉంది. నేనూ అదే దించేశాను.

వారం తిరక్కుండా వాళ్ల నాన్న అప్పన్న, పిల్లను వెంటబెట్టుకుని టీసీ ఇమ్మంటూ వచ్చాడు. బాలిగంజ్‌లో ఎవరింట్లోనో పాచిపనికి కుదిర్చాడట. నాకు ఒళ్లు మండిపోయింది. పదేళ్ల పిల్లను పనిలో పెట్టడానికి సిగ్గులేదా అని దులిపేశాను.

అతను చేతులు కట్టుకుని, “ఏటి సెయ్యమంతారు టీచరమ్మా? దీనికి సదువు రాదని మీరే రాసినారు గదా,” అన్నాడు.

నీకు చదవడం రాదే, ఎవరు చెప్పారని గద్దించాను.

“ఇదే సదివి ఇనిపించింది.”

పత్రం నూకరత్నం చేతికిచ్చి చదవమన్నాను. తడబడకుండా, ఒత్తులతో సహా చదివింది. “బుర్ర తక్కువని అయ్యకి అర్థం సెప్పినాను,” అని కూడా అంది. ఏడుపు లేదు, కోపం లేదు. రోల్ నంబరు చెప్పినట్టు చెప్పింది. మరి తరగతిలో ఎందుకు చదవవే అని అడిగాను.

“నాను నోరిప్పితే మీరు నవ్వుతారు గదండి.”

నిజమే. దాని యాసకు నవ్వి, సరిదిద్దేదాన్ని. నన్ను చూసి తరగతంతా నవ్వేది. ఆస్పత్రిలో డాక్టర్‌బాబుతో బెంగాలీలో మాట్లాడేదీ, మందుల చీటీ చూసి తల్లికి మందులిచ్చేదీ ఈ పిల్లేనని అప్పన్న చెప్పాడు. మరి నా రాతనెలా నమ్మావయ్యా అన్నాను.

“సదువు సంగతి మీకు తెలిసినట్టు మాకేటి తెలుస్తాది?” అన్నాడు.

నాకు తల కొట్టేసినట్టయింది. ఆ పిల్ల ముఖం చూడలేకపోయాను.

సంతకం పడ్డ పత్రాన్ని దిద్దాలంటే కొట్టివేత పక్కన ప్రధానోపాధ్యాయుడిదీ, టీచరుదీ పొడి సంతకాలుండాలి. కారణం రిజిస్టరులో ఎక్కించాలి. ఆయన విసుక్కుంటూ, ఏమని రాస్తావమ్మా అన్నారు. ‘ఉపాధ్యాయురాలి పొరపాటు’ అని రాశాను. పత్రంలో ఎర్ర సిరాతో పాత మాటలు కొట్టేసి, ‘స్పష్టంగా చదువుతుంది. చదివినదానికి అర్థం చెబుతుంది’ అని రాశాను. తప్పు నాదేనమ్మా అని తండ్రి ఎదుటే నూకరత్నానికి చెప్పి, మళ్లీ చదవమన్నాను. ఈసారి సగంలో ఆగి నాకేసి చూసి, మళ్లీ మొదటినుంచి చదివింది.

“ఎవరి గురించే అది?” అన్నాడు అప్పన్న.

“నా గురించే అయ్యా.”

అతను టీసీ మాట మళ్లీ ఎత్తలేదు. మర్నాడు నూకరత్నం బడికి వచ్చింది.

ఆ తర్వాత రిటైరయ్యేదాకా ఏ పత్రంలోనూ పిల్ల ఎలాంటిదో రాయలేదు, ఏం చేసిందో రాశాను. పదేళ్ల పిల్ల టీచరు మాటను నమ్ముతుంది. చదువు రాని తండ్రి ఇంకా గట్టిగా నమ్ముతాడు.