పాట కంటే ముందు నడిచిన కుంచె

బెల్లంపల్లిలో కొమురెల్లిని అందరూ బొగ్గుబాయి మనిషనే అనుకునేవారు. పుట్టింది మాత్రం పటాలు గీసే నకాషీల ఇంట్లో. గీతతో పొయ్యి వెలగదని తేలిపోయాక బొగ్గు తవ్వే బాయిలో దిగాడు. సెలవు దొరికితే చాలు, వసారాలో గుడ్డ పరిచేవాడు. భార్య ఐలవ్వ సణుగుతూనే చింతగింజల జిగురు కాచేది. ఆమెకు భయమల్లా ఒక్కటే, ఈ పిచ్చి ముదిరి బాయి పని పోతుందని.

1958లో, పటం చూపిస్తూ కులకథ చెప్పే అంతయ్య మేళం కొత్త పటం అడిగింది. నమూనా కోసం తమ పాత పటాన్ని ఇచ్చి వెళ్ళారు. అది కొమురెల్లి తాత గీసింది. సగం పని అయ్యేసరికి ధర్మపురి జాతర వచ్చిపడింది. అక్కడ కథ చెప్పాలని పాత పటం పట్టుకుపోతుంటే, "మీరొచ్చేటాల్లకు నాది అయిపోతది మామా" అని కొమురెల్లి మాటిచ్చాడు. ఆ తర్వాత బాయిలో షిఫ్టు మీద షిఫ్టు పడింది. కుంచె ముట్టుకునే వీలే లేకపోయింది.

జాతర అయ్యాక మేళం ఉత్త చేతులతో వచ్చింది.

"పాతది ఏది మామా?"

"గోదారమ్మకు ఇచ్చినం. ఏడ్సుకుంట, తానాలు చేసి, మనిషిని సాగనంపినట్టే సాగనంపినం. నువ్వు మాటిచ్చినవ్ గద బిడ్డా!"

కొమురెల్లి సగం గీసిన గుడ్డ వైపు చూశాడు. కొత్త పటం వచ్చాక పాతదాన్ని ఇంట్లో ఉంచుకోరు, నీళ్ళలో కలుపుతారు. అది వాళ్ళ ఆచారం. ఆయన మాటను నమ్మి ముందే కలిపేశారు. ఇప్పుడు చూసి గీయడానికి నమూనా లేదు. పటం లేనిదే మేళానికి కథ లేదు, కథ లేనిదే కూడు లేదు.

తెల్లవారి బాయి సైరన్ కూసింది. ఐలవ్వ ఖాకీ నిక్కరు తెచ్చి ఆయన ముందు పెట్టింది.

"లేస్తవా లేదా? పని పోతే ఏం తింటం?"

కొమురెల్లి నిక్కరు వైపు చూడనైనా లేదు. "మామా, పాడు" అన్నాడు.

ఎన్ని తరాలుగానో పటం చూపించి కథ పాడిన వంశం అంతయ్యది. కథ పాడి పటం గీయించడం ఆయనకూ అదే మొదలు. మొదట గొంతు తడబడింది. ఆయన పాడుతుంటే కొమురెల్లి గుడ్డకు పూసిన ఎర్రరంగు మీద రాజును నిలబెట్టాడు, గుర్రాన్ని దూకించాడు, ఏడ్చే తల్లి కొంగు జార్చాడు. రోజులు అలాగే గడిచాయి. సైరన్ కూస్తూనే ఉంది, నిక్కరు మడత విప్పలేదు.

ఒకనాటి మధ్యాహ్నం అంతయ్య ఉన్నట్టుండి పాట ఆపేశాడు.

"జర ఆగు కొమురెల్లీ! నా పాట ఇంకా ఆడికి రాలే!"

ఐలవ్వ తొంగి చూసింది. అంతయ్య ఇంకా పాడని యుద్ధం అప్పటికే గుడ్డ మీద సాగుతోంది. చిన్నప్పుడు తాత ఒళ్ళో కూర్చుని చూసిందంతా ఆ చేతిలోనే దాగి ఉన్నట్టుంది. కొమురెల్లికి పిలుపు వినపడనే లేదు. అంతయ్య ముసలి కళ్ళ నిండా నీళ్ళు. ఐలవ్వ చేతిలోని జిగురు గిన్నె కింద పెట్టింది. ఇన్నేళ్ళూ తను పోట్లాడింది ఈ మనిషితోనా? ఈయన్నేనా తను రోజూ బాయి చీకట్లోకి పంపింది? సిగ్గేసింది, భయమేసింది, చేతులెత్తి మొక్కాలనిపించింది.

పటంలోని బొమ్మలకు కళ్ళు గీయడం ఒక్కటే మిగిలింది. కళ్ళు తెరిచేదాకా అది ఉత్త గుడ్డే, తెరిస్తే దేవుడు. ఆ పొద్దున పటాన్ని ఇంట్లోకి మార్చి, దీపం పెట్టి, మేళమంతా చుట్టూ కూర్చున్నారు. కళ్ళు దిద్దేటప్పుడు ఎవరూ నోరు మెదపకూడదు. కొమురెల్లి సన్న కుంచె ఎత్తాడు.

అప్పుడే వాకిట్లోకి పక్కింటి గట్టయ్య వచ్చాడు. ఆయనదీ బాయి పనే.

"వదినా! ఇయ్యాల రాకుంటే పేరు కొట్టేస్తమని బాయి సర్దార్ ఆఖరి మాట చెప్పి పంపిండు. కొమురన్న పనికి వస్తడా, రాడా?"

ఐలవ్వ లోపలికి చూసింది. కొమురెల్లి కుంచె మొదటి కన్ను దిద్దుతోంది. ఆమె గుమ్మం దాటి వచ్చి, తలుపు దగ్గరగా వేసింది.

"మెల్లగ మాట్లాడు గట్టన్నా" అంది. "పనిలనే ఉన్నడు."