రిబ్బన్‌కు నాయిన వేసిన ముడి

ఆ రోజుల్లో నాకు మొదలుపెట్టడమంటే మహా సరదా. ఏ పనైనా సరే, మొదటి మూడు రోజులు నన్ను చూసినవాళ్లు వీడు లోకాన్నే జయించేట్టున్నాడు అనుకునేవారు. నాలుగో రోజు నేను కనబడేవాణ్ని కాదు. గద్వాలలో మా వీధంతా మగ్గాల చప్పుడే. అలాంటి చోట పుట్టి, ఇంటర్ సెలవుల్లో మగ్గం మీద కూర్చుని, ఒక చీర సరిగ్గా సగం నేసి, క్రికెట్ ఆడొస్తానని లేచినవాణ్ని మళ్లీ కూర్చోలేదు. మిగతా సగం నాయిన నేశాడు. నా చేతి దెబ్బ వదులు, ఆయనది బిగువు. ఆ చీరను ఏ షావుకారూ తీసుకోకపోతే చివరికి అమ్మ కట్టుకుంది. (పైట వైపు చక్కగా ఉంటుంది, అది నాయిన. కుచ్చిళ్ల దగ్గర దోమతెరలా ఉంటుంది, అది నేను.) ఆ చీరతోనే నాకు ‘సగమోడు’ అని పేరొచ్చింది. పెట్టింది నాయినే. ఆ తర్వాత టైపింగ్ సగంలో, హిందీ పరీక్షలు సగంలో, డిగ్రీ రెండో ఏట వదిలేసి ఆ పేరు నిలబెట్టుకుంటూ వచ్చాను.

వనపర్తిలో ఒక ప్రైవేటు కాలేజీలో ల్యాబ్ అసిస్టెంటుగా చేరాక, అక్కడ ఆటలు నేర్పే సారు పరిచయమయ్యాడు. మెడలో విజిల్ లేకుండా ఆయన్ని ఎవరూ చూడలేదు కాబట్టి అందరికీ విజిల్ సార్. ఒకరోజు ఆయన వాట్సాప్ గ్రూపులో ఒక పోటీ సంగతి పెట్టాడు. కొల్లాపూర్ దగ్గర కృష్ణలో రెండు కిలోమీటర్ల ఈత, ఒడ్డెక్కగానే తొంభై కిలోమీటర్ల సైకిలు, సైకిలు దిగగానే ఇరవై ఒక్క కిలోమీటర్ల పరుగు. అంతా సాయంత్రం ఐదు గంటల లోపల అయిపోవాలి. చదవడం పూర్తికాక ముందే ‘నేను రెడీ’ అని కొట్టేశాను. పక్కన మూడు కండల బొమ్మలు కూడా పెట్టాను. (నాకున్న కండలు అవే.)

ఇంటికెళ్లి చెబితే నాయిన మగ్గం ఆపకుండానే అడిగాడు. “ఏడిదాంక పోతవ్?”

“కొసదాంక.”

అప్పుడు చేతిలోని నూలు నాడె పక్కన పెట్టి నా మొహంలోకి చూశాడు. “ఒక్కటంటే ఒక్కటి కొస ముట్టియ్యిరా. ఆ పేరు నేనే తీసేస్త. లేకుంటే నువ్వు ముసలోనివైనంక గూడ సగమోడనే పిలుస్త, నీ పిల్లల ముంగట.”

నవ్వుతూనే అన్నాడు. నాకు మాత్రం నవ్వు రాలేదు. ఎవరో పెట్టిన పేరైతే దులిపేసుకునేవాణ్ని. కన్నతండ్రి పెట్టింది, అందులోనూ నిజం. అదే నా బాధ.

పోటీ రోజు పొద్దున్న నీళ్లలో దిగిన తొలి నిమిషంలోనే తెలిసింది, నాకొచ్చింది ఈత కాదని. మా మేనమామ బాయిలో నడుముకు బెండు కట్టుకుని నేర్చుకున్న విద్య అది. బాయిలో ఎటు పోయినా గోడ తగులుతుంది, నదిలో గోడ ఉండదు. అందరూ దారి చూపే నారింజ రంగు బుడగల వైపు పోతుంటే నేను కర్నూలు వైపు పోతున్నాను. పుట్టి వేసుకుని వెంట వస్తున్న చేపలాయన జాలిపడి, “సారూ, జర ఈ పుట్టిల కూసో, ఒడ్డుకు తోల్కపోత” అన్నాడు. పుట్టి అంచు పట్టుకునేదాకా పోయింది చెయ్యి. నాయిన గుర్తొచ్చి వెనక్కి తీసుకున్నాను. చివరికి ఒడ్డుకు చేరేసరికి అక్కడ నా సైకిలొక్కటే మిగిలి ఉంది. వెతుక్కునే పని తప్పింది.

సైకిలు విజిల్ సార్‌ది. ఆయన కాళ్లు పొడుగు, నావి కావు. కోడేరు దారిలో రెండుసార్లు పోయి రావాలి. మొదటిసారి పోయినప్పుడు దారి పక్క పొలాల్లోని వాళ్లు చేతులూపారు. రెండోసారి, “ఏందన్నా, ఏమన్న మర్చిపోయినవా?” అని అడిగారు. మిగతావాళ్లు ఏవో తియ్యటి పొట్లాలు చింపి చప్పరిస్తుంటే నేను జేబులోంచి అమ్మ చేసిన జొన్నరొట్టె, నువ్వుల కారం తీసి తిన్నాను. కారం దెబ్బకు వచ్చిన వేగం గురించి చెప్పుకుంటే బాగుండదు గానీ, ఆ పది కిలోమీటర్లే నేను ఆ రోజు నిజంగా గట్టిగా తొక్కినవి.

పరుగు మామిడితోటల మధ్య. పరుగని పేరే గానీ, అప్పటికి నాది తప్పిపోయిన బర్రెను వెతికేవాడి నడక. ఒక తోట కాపలా ముసలమ్మ గట్టు మీది నుంచి లేచి నిలబడింది.

“ఎవరన్న తరుముతున్నరా బిడ్డా?”

“లేదవ్వా, పోటీ.”

“మరి మిగతోళ్లేరి?”

“ముందు పోయిన్రు.”

“ఎంతసేపాయె?”

“రెండు గంటలైతది.”

ముసలమ్మ నన్ను కిందికీ పైకీ చూసింది. “అయితే ఇంకేం పోటీ బిడ్డా. కూసో, ఇన్ని నీళ్లు తాగు.” ఆమె చెప్పిందాంట్లో నాకిప్పటికీ తప్పు కనబడదు. నీళ్లు నిలబడే తాగాను. కూర్చుంటే లేవనని నాకు తెలుసు.

కొల్లాపూర్ మైదానం కనబడేసరికి ఐదుకు నాలుగు నిమిషాలుంది. విజిల్ సార్ విజిల్ ఊది ఊది ఎర్రగా అయిపోయాడు. “ఉరుకు తమ్మీ, ఉరుకు!” కుర్చీలు ఒకదానిలో ఒకటి పెట్టేస్తున్నారు. ముగింపు గీత దగ్గర అమ్మ, నాయిన నిలబడి ఉన్నారు. గద్వాల నుంచి బస్సులు మారి వచ్చారట, నాకు చెప్పలేదు. అమ్మ ఆ చీరే కట్టుకుంది. రెండు కట్టెల మధ్య ఎర్ర రిబ్బన్ రొమ్మెత్తున ఠీవిగా కట్టి ఉంది. అందరికంటే చివర వచ్చేవాడికి కూడా రిబ్బనా అని నా కళ్లలో నీళ్లు తిరిగాయి. ఫోటో బాగా రావాలని చేతులు పైకెత్తి, కళ్లు మూసుకుని, రొమ్ము విరుచుకుని దూకాను.

రిబ్బన్ తెగలేదు. నన్నే వెనక్కి విసిరికొట్టింది.

జరిగింది తర్వాత అమ్మ చెప్పింది. ఆ రిబ్బన్‌ను మధ్యాహ్నమే మొదటివాడు తెంచేసి పోయాడు. నాయిన వచ్చి చూస్తే రెండు ముక్కలూ మట్టిలో ఉన్నాయి. తెగిన పోగు కంటపడితే ముడి వెయ్యకుండా ముందుకు పోని మనిషి ఆయన. పోటీ పెట్టినవాళ్లు ‘వదిలెయ్ పెద్దాయనా’ అంటున్నా వినకుండా, నేతముడి వేసి, మగ్గానికి నిలువు పోగుల పడుగు సాగదీసినట్టు బిగించి కట్టాడు. తెగడానికే కట్టేది ఒకటుంటుందని ఆయనకు ఎవరు చెప్పారు గనక!

కింద పడ్డ నన్ను చూసి ఆయన గర్వంగా అన్నాడు. “అది ఊడదు. నేనేసిన ముడి.”

“నాయినా, అది తెగాలె!”

“తెగాలెనా? తెగేదానికి ఎవడన్న కడతడా?”

“పక్కకెళ్లి వస్తే లెక్కల రాదు!” అని విజిల్ సార్ అరిచాడు. దాటి దూకడం నా వల్ల కాదు. రెండు నిమిషాలుంది. అప్పుడు అమ్మ కేకేసింది. “పడుగు కిందికెళ్లి దూరినట్టు దూరుర!” చిన్నప్పుడు కిందపడ్డ నూలు కండెల కోసం మగ్గం మీది పడుగు కింద పాకినవాణ్ని కదా, లేచే ఓపిక లేక పడ్డచోటి నుంచే అలాగే దూరాను. తలా రొమ్మూ గీత దాటాయి, సరిగ్గా అప్పుడే పిక్క పట్టేసింది. అక్కడే ఆగిపోయాను, ఇటు సగం, అటు సగం.

నాయిన వంగి చూశాడు. “ఏందిరా, గీడ గూడ సగమేనా?”

ఆ మాట పిక్క కంటే ఎక్కువ నొప్పి పెట్టింది. మోచేతులు మట్టిలో గుచ్చి, ఏడుస్తూ, మిగతా నన్ను ఈడ్చుకుని దాటాను. ఇరవై సెకన్లు మిగిలాయట. నాయిన పక్కన కూర్చుని పిక్క పిసికాడు, చాలాసేపు.

ఇప్పుడు నాకు మెట్లెక్కితేనే ఆయాసం. బొజ్జ మాత్రం సగంలో ఆగలేదు. నా కూతురు నేను గీత దాటుతుండగా ఎవరో తీసిన ఫోటో చూసి, “ఎందుకు పాకుతున్నవ్ డాడీ?” అని అడుగుతుంది. పోటీ అయిన వారంలోనే మా వీధి చాయ్ హోటల్లో ఎవరో అలవాటుగా “సగమోడొచ్చిండు” అన్నారు. నాయిన గ్లాసు కింద పెట్టాడు. “ఎవడ్రా సగం? కొసదాంక పోయిండు నా కొడుకు.” మళ్లీ గ్లాసు అందుకుని, అబద్ధం ఆడటం ఇష్టం లేక కాబోలు, “పాక్కుంటనే పోయిండు గని, పోయిండు” అన్నాడు.