కండక్టరమ్మ కూతకర్ర

ఆవిడకి అమ్మానాన్నలు పెట్టిన పేరొకటి ఉండే ఉంటుంది. ముప్పై ఏళ్లు బస్సులో టిక్కెట్లు కొట్టాక ఆ పేరు ఎవరికీ గుర్తు లేకుండా పోయింది. వీధిలో పసిపిల్లల దగ్గర్నుంచి పళ్లూడిన ముసలాళ్ల దాకా అందరికీ ఆవిడ కండక్టరమ్మే. మనిషి జానెడు, గొంతు బారెడు. వెనక సీట్లో నిద్ర నటించేవాణ్ణి ముందు తలుపు దగ్గర నించుని లేపగల గొంతు అది.

రిటైరైన నెలలోనే ఆవిడ చేతిలోకి కూతకర్ర వచ్చింది. దాని అసలు పేరు లోహాలను పట్టే యంత్రం. పొడుగాటి కర్ర, కింద పళ్లెం లాంటి గుండ్రటి చుట్ట, పైన చెవులకు తగిలించుకునే హెడ్‌ఫోన్లు. నేలలో లోహం ఉంటే కూస్తుంది. ఆవిడ భర్త రేడియో మెకానిక్కు. ఎవరో పెద్దమనిషి బాగుచెయ్యమని ఇచ్చి మళ్లీ మొహం చూపించలేదట. మూడేళ్లు అటక మీద దుమ్ము తిన్నాక ఒకరోజు కండక్టరమ్మ దించమంది. ఎందుకని అడిగితే పాత నాణేలు వెతుక్కుంటానంది. ఆ రోజు నుంచి ఎండైనా వానైనా పొద్దున్నే నీళ్ల ట్యాంకు వెనక మైదానంలో ఆవిడ కర్ర తిప్పుతూ కనిపించాల్సిందే.

నాణేలు దొరకలేదా అంటే దొరికాయి. వెనకటి రోజుల్లో ఆ మైదానంలో వారం వారం సంత జరిగేదట. జేబులోంచి జారినవీ, బేరాల హడావుడిలో పడినవీ ఎన్నో నేల మింగేసింది. పచ్చగా చిలుం పట్టిన రాగి నాణేలు, మధ్యలో బెజ్జమున్నది ఒకటి, బొమ్మంతా అరిగి అప్పడంలా పల్చబడ్డవి నాలుగు. భర్త ఓసారి ముచ్చటపడి ఒకదాన్ని పళ్లపొడితో తళతళా తోమిపెట్టాడు. చిలుంతో పాటు అక్షరాలూ పోయాయి. నాణేన్ని తోమకూడదన్నది ఈ వేటలో మొదటి పాఠమని ఆవిడ ఆయనకు వారం రోజులు పాఠం చెప్పింది.

చిత్రమేమిటంటే, నాణెం దొరికిన ప్రతిసారీ ఆవిడ మూతి ముడుచుకునేది. లోకంలో పాత నాణెం దొరికితే నిట్టూర్చే నాణేల వేటగత్తె ఈవిడ ఒక్కతే అయి ఉంటుంది. దానికి కారణం మైదానం తోటమాలికి తెలియదు, వీధికి తెలియదు. భర్తకు తెలుసు గానీ తెలియనట్టు ఉండటం ఆయనకు పెళ్లయిన కొత్తలోనే అలవాటైంది.

కండక్టరమ్మ వెతుకుతున్నది నాణేల్ని కాదు. అక్క ఉంగరాన్ని.

తొమ్మిదేళ్ల కిందట డిపోవాళ్లంతా కుటుంబాలతో ఆ మైదానంలోనే ఒకరోజు సరదాగా గడిపారు. మధ్యాహ్నం తాడులాగుడు పోటీ పెట్టారు. కండక్టరమ్మకు ఒక్కగానొక్క అక్క ఆ పోటీకి ముందు వేలికున్న ఉంగరం తీసి, తాడు ఒరుసుకుంటుందని చెల్లెలి చేతికిచ్చింది. అది వాళ్లమ్మ పోతూ పోతూ పెద్దకూతురికి ఇచ్చిన సన్నపాటి బంగారు ఉంగరం. పోటీ అయింది. అక్క జట్టు గెలిచింది. అందరూ కొళాయి దగ్గర చేతులు కడుక్కున్నారు. ఇంటికెళ్లాక చూస్తే ఉంగరం లేదు.

ఇచ్చేశానని చెల్లెలు. ఇవ్వలేదని అక్క. కొళాయి దగ్గర నీ అరచేతిలో పెట్టి వేళ్లు కూడా మూశాను, నా కళ్లకు కట్టినట్టు ఉందని చెల్లెలు. పెట్టి ఉంటే నా చేతిలోనే ఉండేది కదే అని అక్క. దొంగ అన్న మాట అక్క నోట ఎప్పుడూ రాలేదు. కానీ గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకునే రకం మన కండక్టరమ్మ. నన్ను దొంగంటావా అని ఆ మాట తనే అనేసి, తనే ఏడ్చేసి, తనే తలుపు ధడాలున వేసుకుని వచ్చేసింది.

అంతే, మాటలు బందయ్యాయి. మీ అక్క అబద్ధమాడే మనిషి కాదు కదా అని భర్త ఒక్కసారి అని, మళ్లీ ఆ ఊసెత్తలేదు. అక్క ఇల్లు రెండు వీధుల అవతలే. చెల్లెలి బస్సు వస్తే అక్క ఎక్కేది కాదు, వెనక బస్సు కోసం ఎండలో నించునేది. చెల్లెలు మెట్టు మీద నించుని, కావాలని ఓ అరనిమిషం ఎక్కువ ఆపి, ఎవరినీ ఉద్దేశించనట్టు, ఎక్కేవాళ్లు ఎక్కండి అని అరిచేది. అక్క ఆకాశంలో కాకుల్ని లెక్కపెట్టేది. ఇద్దరూ పట్టిన కుందేలుకు మూడే కాళ్లు. ఆ బస్సు బయల్దేరాక కండక్టరమ్మ తర్వాతి స్టాపు దాకా టిక్కెట్లు కొట్టకుండా కిటికీలోంచి వెనక్కి చూసేదని డ్రైవరు ఒకడికే తెలుసు.

ఉంగరం దొరకాలి, అక్క కూర్చున్న చోటో, నించున్న చోటో దొరకాలి, పట్టుకెళ్లి అక్క ముందు పెట్టాలి. ఎవరు పడేశారో ఇప్పుడు చెప్పు అనాలి. అదీ ఆవిడ పంతం. అందుకే రెండేళ్లుగా కొళాయి చుట్టూ, అక్క చాప వేసుకున్న గోడ పక్కన, అక్క నడిచిన దారి వెంట అంగుళం వదలకుండా తిప్పింది. తోటమాలి మొదట్లో కర్ర చూసి కయ్యానికొచ్చాడు గానీ, తవ్విన గడ్డిని చతురస్రంగా ఎత్తి, మళ్లీ మూతలా అంటించి, పాదంతో నొక్కి, నీళ్లు కూడా చల్లే మనిషిని ఏమంటాడు? చివరికి మీరు తవ్విన చోటే గడ్డి బాగా వస్తోందమ్మా అని ఒప్పుకున్నాడు.

ఒకరోజు ఆవిడ మధ్యాహ్నం టీ తాగుతూ భర్త దగ్గర యంత్రం మీద ఫిర్యాదు చేసింది. కొళాయికి నాలుగడుగుల దూరంలో ఒకచోట అది కూయబోయి ఆగిపోతోందట. పొలమారినట్టు ఓ చిన్న కూత కూసి మింగేస్తోందట. రెండేళ్లుగా అక్కడికొస్తే ఇదే వరస, వైరేదో వదులైందేమో చూడమంది.

భర్త గ్లాసు కింద పెట్టాడు. ఆయన మొహం చూస్తే తప్పు చేసిన కుర్రాడు గుర్తొచ్చాడు.

"వైరు కాదు. ఇనుముకి నోరు నొక్కింది నేనే," అన్నాడు.

విషయం ఇదీ. మొదటి నెలలో ఆవిడ రోజూ డబ్బాడు తుప్పుమేకులు తవ్వుకొచ్చేది. రాత్రి నడుం పట్టుకుని మూలిగేది. చూడలేక ఆయన యంత్రం విప్పి, ఇనుము తగిలితే అరవకుండా లోపల మర తిప్పేశాడు. చెప్తే ఒప్పుకోదని చెప్పలేదు. రాగికీ బంగారానికీ కూస్తుంది కదా, నష్టమేముందిలే అనుకున్నాడు. కానీ ఇనుముకు ఆనుకుని బంగారం ఉంటే, ఇనుముతో పాటు దాని గొంతూ నొక్కేస్తుంది యంత్రం. ఆ సంగతి ఆయనకి ఇప్పుడు తట్టింది.

కండక్టరమ్మ ఆయన్ని ఏమేమి అన్నదో ఇక్కడ రాయక్కర్లేదు. గోడ అవతల పక్కింటివాళ్లు రేడియో సౌండు తగ్గించుకుని మరీ విన్నారు. తిట్లన్నీ అయ్యాక, నా నడుం కోసమేగా చేశారు అని ఓ మాట మెల్లిగా అని, మర వెనక్కి తిప్పించింది.

మర్నాడు పొద్దున మైదానంలో కూతకర్ర నోరు విప్పింది. రెండేళ్ల మౌనవ్రతం వదిలినట్టు అడుగడుగుకీ కూతే. మేకులు, మరలు, సీసా మూతలు, విరిగిన గొళ్లెం, సైకిలు గొలుసు ముక్క. కండక్టరమ్మ అవేవీ పట్టించుకోకుండా తిన్నగా కొళాయి దగ్గరికి నడిచింది. నాలుగడుగుల అవతల కర్ర దించింది. ఈసారి కూత మింగలేదు, చెవులు చిల్లులు పడేలా కూసింది.

గడ్డి ఎత్తింది. జానెడు లోతులో తుప్పుముద్ద ఒకటి తగిలింది. వేళ్లతో మట్టి దులిపితే లోపల పచ్చగా మెరిసింది. అమ్మ ఉంగరం. బంగారానికి తుప్పేమిటి, నిన్న తీసి ఇవాళ పెట్టుకున్నట్టుంది.

ఒక్క క్షణం ఆవిడ మనసు గంతులేసింది. కొళాయి దగ్గర! అక్క నించున్న చోట! అక్కే పడేసింది!

రెండో క్షణం ఆ తుప్పుముద్ద ఏమిటో చూసింది. పిన్నీసు. పెద్ద పిన్నీసు, కొక్కెం పడి ఉంది, ఉంగరం దానికే వేలాడుతోంది. కండక్టరమ్మ అక్కడే గడ్డి మీద కూలబడింది.

బస్సులో ఎవరిదైనా చెవిదుద్దో తాళంచెవో దొరికితే, డిపోలో అప్పజెప్పేదాకా పోకుండా పిన్నీసుకి తగిలించి రుమాలుకి గుచ్చుకోవడం ఆవిడ అలవాటు. ఆ పని చేసే మనిషి ఆ మైదానంలో ఆవిడ తప్ప ఇంకొకరు లేరు. రుమాలు జారి ఇక్కడ పడింది, గుడ్డ మట్టిలో కలిసిపోయింది, పిన్నీసు మిగిలింది. మరి అక్క అరచేతిలో పెట్టి వేళ్లు మూసిన మాట? ముప్పై ఏళ్లలో ఎన్ని అరచేతుల్లో చిల్లర పెట్టి వేళ్లు మూసిందో ఆ చేతులకే తెలియదు. కళ్లకు కట్టినట్టున్న ఆ అరచెయ్యి ఏ రూట్లో ఏ ప్రయాణికుడిదో. దాన్ని పట్టుకొచ్చి అక్కకి అతికించింది.

ఆవిడ సంచిలో పటకారు ఉంది. ఒక్క నొక్కు నొక్కితే తుప్పుపట్టిన పిన్నీసు పుటుక్కుమంటుంది. ఉంగరం ఒక్కటే పట్టుకెళ్లి, నువ్వు నించున్న చోటే దొరికింది అంటే అది అబద్ధం కూడా కాదు. గెలుపు. తొమ్మిదేళ్లుగా ఎదురుచూసిన గెలుపు. పటకారు తీసింది. పిన్నీసు మీద ఆనించింది కూడా.

అక్క ఎండలో నించుని వెనక బస్సు కోసం చూడటం గుర్తొచ్చింది. తను రిటైరయ్యేదాకా ఏడేళ్లు అంత ఎండనూ అక్క నిజం చెప్పినందుకు భరించింది. ఇప్పుడు ఈ పిన్నీసు తుంచితే, ఇకమీదట అక్క ఎదురుగా కూర్చున్న ప్రతిసారీ అది తన గొంతులో అడ్డం పడుతుంది. సిగ్గేసింది. అక్క మీద ఎన్నడూ లేనంత జాలేసింది. పటకారు సంచిలో పడేసి, గుంట మూసి, గడ్డి అంటించి, పాదంతో నొక్కి లేచింది.

దారి పొడుగునా సంజాయిషీలు అల్లుకుంది. రుమాలు తప్పు, పోటీ హడావుడి తప్పు, మర తిప్పిన మొగుడి తప్పు. అక్క తలుపు తీసేసరికి అల్లినవన్నీ ఊడిపోయాయి. తొమ్మిదేళ్లలో అక్క జుట్టు సగం నెరిసింది. చెల్లెలి నెత్తిన హెడ్‌ఫోన్లు, మోకాళ్లకు మట్టి, భుజాన కర్ర చూసి అక్క నోరు వెళ్లబెట్టింది.

కండక్టరమ్మ అరచెయ్యి చాపింది.

"పిన్నీసు నాదే అక్కా. నీకు ఇవ్వలేదు. ఇచ్చాననుకున్నాను."

అక్క కళ్లద్దాలు తెచ్చుకుని, వెలుతురు దగ్గరికి తీసుకెళ్లి, అటూ ఇటూ తిప్పి చాలాసేపు చూసింది. అరిచి యాగీ చేస్తుందనీ, వాటేసుకుంటుందనీ చెల్లెలు రెండింటికీ సిద్ధపడింది. అక్క ఆ రెండూ చెయ్యలేదు. కొక్కెం మీది తుప్పు గోటితో గీకి, నెమ్మదిగా విప్పి, ఉంగరం బయటికి తీసి, చెల్లెలి వేలికి తొడిగింది.

"నా వేళ్లు లావెక్కాయి, ఇది నాకిప్పుడు పట్టదు. నువ్వే పెట్టుకో," అంది. తర్వాత పిన్నీసును గుప్పిట్లో భద్రంగా బిగించింది. "ఇది మాత్రం నాక్కావాలి. ఇంటికొచ్చిన ప్రతివాళ్లకీ చూపిస్తాను."

"చూపించు," అంది కండక్టరమ్మ ముక్కు చీదుకుంటూ. "ముందు మా ఆయనకి చూపించు. ఆయన తొమ్మిదేళ్లుగా నీ పక్షమే."