టమాటాకి పాతిన ఊతకర్ర చిగురేసింది

నెల క్రితం పెరట్లో టమాటా మొక్కలు కాయల బరువుకి వాలిపోతుంటే, గాలివానకి విరిగిన మునగ కొమ్మలు పాతి, పాత చీర అంచులతో కట్టాను. ఈ రోజు చూస్తే కర్రలన్నీ చిగురేశాయి! టమాటాల బలమంతా లాగేస్తాయని ఒకటి పీకబోయాను.

"పీకకండమ్మా, వేళ్ళు పెనవేసుకునుంటాయి, టమాటా కూడా వచ్చేత్తాది!" అని గోడ మీంచి పక్కింటి పిన్నిగారు కేకేశారు. "అయినా పచ్చి కొమ్మ పాతేరేంటండీ? మన నేలలో గొడుగు కర్ర పాతినా వేరేత్తాదండీ!"

"మరేం చేయమంటారండీ?"

"ఆయ్, ఏముందండీ, రెండూ పెంచుకోండి. మునక్కాడ టమాటా కూర వండిన రోజు నాకో గిన్నె పంపండి."

సాయంత్రం టమాటాలతో పాటు ఊతకర్రలకీ నీళ్ళు పోశాను. మీ పెరట్లోనూ ఇలా పనికి పిలిస్తే వచ్చి కాపురం పెట్టేసినవి ఉన్నాయా?