లిఫ్టు మెకానిక్‌కు పట్టుకున్న బెంగ

మా వీధిలో లిఫ్టులు బాగుచేసే అతన్ని అందరూ అనుమానాలరావు అనేవారు. బిగించిన బోల్టునే మళ్లీ మళ్లీ బిగించి చూస్తే గాని అతనికి మనసు కుదుటపడేది కాదు. ముప్పై అయిదేళ్లకు అతనికొక స్నేహితురాలు దొరికింది. ఆమెతో మొదటిసారి గడిపినప్పుడు కండోమ్ వాడాడు. అయినా మర్నాటి నుంచి హెచ్ఐవీ భయం పట్టుకుంది. తుమ్మొచ్చినా హడలే, చెమట పట్టినా హడలే. తిండి సహించలేదు.

నాలుగో రోజు వాళ్ల అక్క నిలదీసింది. ఆమె నర్సు. అతను నేలచూపులు చూస్తూ ఉన్నదంతా చెప్పేశాడు.

"చిరిగిందా?" అంది అక్క.

"లేదక్కా."

"జారిపోయిందా?"

"అబ్బే! తర్వాత నీళ్లు పోసి కూడా చూశాను. మూడుసార్లు."

అక్క పడీపడీ నవ్వింది. "మరింకేంట్రా నీ ఏడుపు? సరిగ్గా వాడితే ప్రమాదం దాదాపు లేనట్టే. మనసు ఊరుకోకపోతే ఆరు వారాలకి రక్తపరీక్ష చేయించుకో. ఇంతకీ ఆ అమ్మాయితో చెప్పావా?"

చెప్పలేదు. ఆ సాయంత్రమే బిక్కుబిక్కుమంటూ చెప్పాడు. కోప్పడుతుందనుకుంటే ఆమె ఊపిరి పీల్చుకుంది.

"నాకూ అదే బెంగ. నువ్వేమనుకుంటావోనని నోరు మూసుకున్నా. ఇద్దరం కలిసే వెళ్దాం."

ఆరు వారాలకు ఇద్దరూ పరీక్షా కేంద్రంలో బెంచీ మీద పక్కపక్కనే కూర్చున్నారు. ఇద్దరికీ ఏమీ లేదని తేలింది. బయటికి రాగానే ఆమె అడిగింది: "మీ అక్కకి నన్నెప్పుడు చూపిస్తావు?"

అటునుంచి అటే తీసుకెళ్లాడు. అక్క తలుపు తీసి, ఆమె చెయ్యి పట్టుకుంది.

"రామ్మా, లోపలికి రా. వీడి మొహంలో నవ్వు చూసి ఎన్నాళ్లయిందో!"