పడుగు గుంజ పక్కన వేపమొక్క

1953 వానాకాలం. సోలాపూర్‌లో అక్కల్‌కోట్ రోడ్డు పక్కనున్న నేతవాళ్ల పేటలో ఒక తెలుగు ప్రాథమిక పాఠశాల. మూడు, నాలుగు తరగతుల గురూజీని నేను. రెండు అద్దె గదులు తప్ప బడికి జానెడు జాగా లేదు. అయినా ప్రతి బడీ మొక్కలు నాటాలని పైనుంచి హుకుం వచ్చింది. రాసేవాళ్లకేం, రాసేస్తారు! వారానికోసారి ‘నేచర్ స్టడీ’ అనే పీరియడ్ ఉండేది. చెట్టునూ పురుగునూ చూపించి పాఠం చెప్పే గంట అది. ఆ గంటలో పిల్లల్ని వెంటేసుకుని గల్లీలోకి నడిచాను.

ఆ గల్లీ ఉత్త దారి కాదు. తెల్లారితే అక్కడ పడుగులు చాపేవాళ్లు. రెండు చివర్లా గుంజలు పాతి, మగ్గానికి ఎక్కించాల్సిన నిలువు పోగుల్ని వాటి మధ్య బిగించి, గంజి పట్టించి కుంచెతో దువ్వుతారు. నేను నడిమధ్యన గుంత తవ్వబోతే మల్లేశం కూతురు నర్సవ్వ అడ్డుపడింది. మూడో తరగతి పిల్ల.

“ఈడ పెడితే మా నాయిన పడుగు యాడ చాపుతడు గురూజీ?”

చివరికి పిల్లలే తాడు పట్టి చూసి, గుంజకు అవతల, పడుగు తగలని చోట వేపమొక్క నాటారు. “పెద్దగైతే దీనికే పడుగు కడ్తం. ఇగ గుంజతోని పనే లేదు,” అంది నర్సవ్వ.

ఆ మొక్కను వాళ్లు పసిబిడ్డలా సాకారు. మగ్గాల దగ్గర పారేసిన పోగులు దూర్చే పన్నెల విరిగిన పుల్లలు ఏరుకొచ్చి దడి కట్టారు. నీళ్లు పోయడానికి ‘పాళీ’లు, అంటే వంతులు, వాళ్లే వేసుకున్నారు. ఎండాకాలం నల్లా నీళ్లు తాగడానికే చాలేవి కావు. అప్పుడు ఇళ్లలో అమ్మలు బీడీ ఆకు నానబెట్టి పారబోసే నీళ్లను డబ్బాల్లో మోసుకొచ్చి పోశారు. నీళ్లు వృథా చేయకూడదన్న నా పాఠాన్ని అంతకంటే బాగా ఎవరప్పజెబుతారు? నర్సవ్వయితే తన పాళీ కాకపోయినా వచ్చేది. ఏడాది తిరిగేసరికి మొక్క ఆమె భుజం దాకా ఎదిగింది.

మరుసటి శ్రావణంలో ఒక పొద్దున నేను బడికి వస్తున్నాను. ముందురోజు వానకు నేల నాని, మొక్క పక్కనున్న గుంజ ఒరిగిపోతోంది. పడుగును దానికి బిగించిన తాడు నర్సవ్వ చేతిలో ఉంది. మల్లేశం కుంచెతో అవతలి చివరన ఉన్నాడు.

“ఝాడుకు చుట్టు బిడ్డా! జల్ది చెట్టుకు చుట్టు!” అని అరిచాడు.

“ఇరుగుతది నాయినా!”

“ఇరిగితే ఇరగనియ్యే! పడుగు పోతది!”

ఆ పిల్ల చుట్టలేదు. తాడును తన నడుముకే చుట్టుకుని, మడమలు బురదలో తన్నిపెట్టి వెనక్కి వాలింది. నేను పరుగెత్తాను. అందుకునేలోపే కాలు జారి పడిపోయింది. గంజి తడి ఆరని పడుగు బురదలో కూలింది. పోగులు తెగి, ఒకదానికొకటి అంటుకుని ముద్దయ్యాయి. మల్లేశం కూతుర్ని ఒక్క దెబ్బ కూడా వేయలేదు. అరుగు మీద కూర్చుని చేతిలో కుంచె వంక చూస్తుండిపోయాడు. కొట్టినా బాగుండేదనిపించింది నాకు.

నూలు ఒక కార్ఖానాదారుది. ఇక మల్లేశానికి నూలు ఇవ్వనన్నాడాయన. సొంత మగ్గం మూలపడింది, మల్లేశం మరో కార్ఖానాలో కూలికి చేరాడు. నర్సవ్వ బడికి రావడం మానేసింది. ఇంటికి వెళ్లి చూస్తే తల్లి పక్కన కూర్చుని బీడీ ఆకు కత్తిరిస్తోంది.

“తెలివైన పిల్లమ్మా, ఈ ఒక్క ఏడు పంపు,” అని తల్లిని బతిమాలాను.

“పంపొద్దని మాకుంటదా గురూజీ? ఇద్దరం చేస్తెనే పొయ్యి అంటుకుంటది. ఝాడుకు నీళ్లు పోసెటందుకు మీ బడి పోరగాండ్లు వస్తరు. మాకెవలు పోస్తరు?”

లేచి బడికి వచ్చేశాను.

పిల్లలతో మొక్కలు నాటించడం మాత్రం నేను మానలేదు. పసివాళ్లు సాకినట్టు పెద్దలు సాకలేరు. కానీ ఆ తర్వాత ఏ పిల్ల చేతికి మొక్క ఇచ్చినా ముందు తల్లిదండ్రులతో మాట్లాడేవాణ్ణి. మొక్కకూ ఇంటి కూటికీ పోటీ వస్తే ఏం చేద్దామని అప్పుడే అడిగేవాణ్ణి. అలాంటి లెక్క తేల్చే పని పసిపిల్ల నెత్తిన పడకూడదు. ఆ సంఘటన నాకు నేర్పింది అదే.

1959 ఎండాకాలంలో మళ్లీ ఆ గల్లీకి వెళ్లాను. వేప గుంజకంటే లావైంది. పడుగు కడితే నిక్షేపంగా ఆగుతుంది. కట్టేందుకు మల్లేశం ఇంట పడుగు లేదు. నర్సవ్వ ఆ నీడలోనే, ఒళ్లో చాట పెట్టుకుని బీడీలు చుడుతోంది.

“ఆ రోజు చెట్టుకు చుట్టేస్తే సరిపోయేది కదే,” అన్నాను.

“పోగు తెగితే అతుకుతం గురూజీ. ఝాడును అతుకుతమా?” అని నవ్వింది.

“మరి నీ చదువు?”

నవ్వు ఆగిపోయింది. తల ఎత్తకుండా చాటలోంచి ఇంకో ఆకు తీసుకుంది.